అత్తగారు సరేనన్న రంగు

మా అత్తగారు పోయిన రోజునే పెయింటర్ మా ఇంటి గోడలు చూడటానికి వచ్చాడు. ఆ ఉదయం రమ్మని చెప్పింది మేమే. తెల్లవారేసరికి జరిగినదాని హడావిడిలో, అతనికి ఫోన్ చేసి రావద్దని చెప్పాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పెళ్ళి మాటలకు వచ్చిన వాళ్ళనుకున్నాడట. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఎవరో చేతికిచ్చిన టీ తాగి, లేచి ఇల్లు చుట్టివచ్చాడు. వేలి కణుపుతో గోడల్ని అక్కడక్కడా తట్టి చూసుకున్నాడు. తర్వాత నేరుగా నా దగ్గరకు వచ్చాడు.

"పైకి గట్టిగానే కనపడుతోంది మేడమ్, లోపలంతా చెమ్మ పట్టేసింది" అన్నాడు.

నా పక్కన కూర్చున్న మా హెడ్మిస్ట్రెస్ ఆ మాట నా గురించి అనుకుంది. "ఎంత బాగా చెప్పారండీ" అని కళ్ళు తుడుచుకుంది.

మా అత్తగారు వింటే ఊరుకునేది కాదు. "ముందు వాడికి టీ ఎవరిచ్చారో చెప్పండి" అనేది. ఆవిడ లోపలి గదిలో ఉంది. ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అంతమంది ఉండి, ఒకరికి టీ ఇచ్చి, ఆవిడ ఏమీ అనకపోవడం అదే మొదలు. నాకు విషయం అప్పుడు అర్థమైంది.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. చనిపోయిన వాళ్ళను మంచివాళ్ళని చెప్పడం ఆనవాయితీ. ఆవిడ ఆ ఆనవాయితీకి కూడా ఒప్పుకునే మనిషి కాదు. ఎవరు ఏది అడిగినా ముందు "వద్దు" అనేది. ఆ తర్వాత ఏం అడిగారో వినేది. కొత్త మంచం వద్దు. పాత మంచం బాగు చేయించడం వద్దు. వానొస్తోంది, లోపలికి రండి అంటే వద్దు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో వంటింటి కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. తెరుద్దామని ఎన్నిసార్లు అడిగినా వద్దు. ఒకరోజు విసుగొచ్చి, "ఈ కిటికీకి అడ్డంగా బీరువా పెట్టేద్దాం అత్తయ్యా, ఎలాగూ తెరవం కదా" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి కిటికీ బార్లా తెరిచింది. ఇంతవరకు అది మళ్ళీ మూతపడలేదు.

ఆ రోజు నుంచి మా ఇల్లు తలకిందులుగా నడిచింది. నాకు కావలసింది వద్దనేదాన్ని, అక్కర్లేనిది అడిగేదాన్ని, ఆవిడ వద్దనేది, పని జరిగేది. అమ్మాయిని ఈతకు పంపాలంటే, "ఆడపిల్లకు ఈతెందుకులెండి" అనేదాన్ని. మర్నాటికి అమ్మాయి నీళ్ళలో ఉండేది. నేను బడిలో లెక్కలు చెబుతాను. రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుందని పిల్లలు అడిగినప్పుడల్లా నాకు మా అత్తగారే గుర్తొచ్చేది. పిల్లలకు మాత్రం పుస్తకంలో ఉన్నదే చెప్పేదాన్ని.

ఇంటి బయట రంగు విషయంలో ఈ కిటుకు వాడటానికి చాలాకాలం ధైర్యం చాలలేదు. గోడలు ఒకప్పుడు పసుపు. ఇప్పుడున్న రంగుకు పేరు లేదు. గేటు గట్టిగా వేస్తే పెచ్చులు రాలేవి. అడిగితే, "గోడకేం రోగం? నిలబడే ఉందిగా" అనేది. ఈ ఏడు ఆవిడ ఆరోగ్యం బాగాలేక వరండాలో పడక్కుర్చీకే పరిమితమైంది. రోజంతా ఆ గోడల్ని చూస్తూ కూర్చోవాలి కదా అని నేనే ఒకరోజు కదిపాను.

"ఈసారి కూడా రంగులు వేయించొద్దులెండి అత్తయ్యా. ఇలాగే కళగా ఉంది."

"కళ నీ కళ్ళకు కనపడుతోందా? ఊడి చస్తోంది. వేయించండి."

అక్కడితో ఆగాల్సింది. కానీ గెలుపు రుచి మరిగితే మనిషి ఆగడు. నాకు కావలసింది మీగడ రంగు. దాన్ని రప్పించాలంటే ముందు ఇంకో రంగు అడిగి వద్దనిపించుకోవాలి. నాకు అస్సలు పడని రంగు, ఆవిడ "ఆస్పత్రి గోడ" అని తిట్టే రంగు వెతికి మరీ చెప్పాను.

"అయితే లేత ఆకుపచ్చ వేయిద్దామా అత్తయ్యా?"

ఆవిడ నా వంక చూసింది. కాసేపు చూసింది.

"సరే" అంది.

నా చేతిలో ఆరేయాల్సిన తువ్వాలు ఉంది. అలాగే నిలబడ్డాను. "సరేనంటున్నారా?"

"తెలుగులోనే చెప్పానుగా. లేత ఆకుపచ్చే వేయించు" అని అటు తిరిగి కళ్ళు మూసుకుంది.

ఆ వారం తిరక్కుండానే పోయింది.

అప్పటినుంచి నన్ను తొలిచేది ఆ ఒక్క "సరే." ఆవిడకు నిజంగా ఆకుపచ్చ నచ్చిందా? నమ్మడం కష్టం. పోనీ, ఇన్నేళ్ళకు నా కిటుకు కనిపెట్టేసి నా మాట నాకే అప్పజెప్పిందా? అదే అయితే నాకు పండగే. అప్పుడు ఓడిపోయింది నేను, గెలిచింది ఆవిడ, గెలిచిన ఊపులోనే వెళ్ళిపోయింది. ఈ రెండూ కాక ఇంకోటి ఉంది. అలసిపోయిందేమో. వద్దనడానికి కూడా ఓపిక లేక, ఏదో ఒకటి చేసుకోండి అన్నట్టు సరేనందేమో. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. మొదటి రెండింటి గురించి మాత్రం ఇంట్లో అందరితో చర్చించాను.

"మా అమ్మకు రంగుల గొడవ ఎప్పుడు పట్టింది?" అన్నారు మా ఆయన. "నీకేది కావాలో అది వేయించు."

"నాకేది కావాలన్నది కాదండీ. అత్తయ్య ఏమనుకుని సరేనన్నారన్నది."

"ఆవిడ ఏమనుకునేదో నాకు తెలిస్తే నేనింత నెమ్మదస్తుణ్ణి ఎందుకయ్యేవాణ్ణి?"

మా అమ్మాయి కాలేజీకి వెళుతూ చెప్పులేసుకుంటోంది. "నానమ్మ సరే అందా? అప్పుడే డాక్టర్ని పిలవాల్సింది అమ్మా" అంది. అనేసి, తన నోట్లోంచి ఏం వచ్చిందో తెలిసి, చెప్పు సగం వేసుకుని ఆగిపోయింది. నేను పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళాను. స్టవ్ మీద పాలు లేవు.

పని మాత్రం మొదలుపెట్టించాను. చేస్తే ఆవిడ మాట మీద చేసినట్టు ఉంటుందనుకున్నాను. పెయింటర్, అతని బావమరిది కలిసి ఇంటి చుట్టూ పరంజా కట్టారు. కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ పట్టలు అంటించారు. పట్టపగలు లోపల లైట్లు వేసుకుని తిరిగేవాళ్ళం. గీకుతున్నంతసేపూ ఎవరో మన పళ్ళు తోముతున్నట్టుండేది. కూరగిన్నె మీద మూత తీస్తే లోపల సున్నప్పొడి. ఆరేసిన బట్టలు తెచ్చుకుంటే గోడ సగం బట్టలతో వచ్చేది. స్నానాల గది పైకిటికీలో పట్ట పక్క నుంచి బావమరిది తల కనపడిందని, పైగా సబ్బు పేరు కూడా చెప్పాడని మా అమ్మాయి ఇల్లు పీకి పందిరేసింది.

"నేను అటు చూడలేదమ్మా, గోడ చూస్తున్నా" అన్నాడతను.

"గోడ చూస్తే నేను ఏ సబ్బు వాడుతున్నానో మీకెలా తెలిసింది?"

"వాసనొచ్చింది" అన్నాడు. "మా ఇంట్లో కూడా అదే."

పెయింటర్ కింద నుంచి, "దిగిరారా నాయనా, ముందు దిగు. మా చెల్లెల్ని ఇచ్చినందుకు నన్ను కూడా తన్నిస్తావు" అన్నాడు.

పరంజా మీదున్న మనిషికి మన ఇల్లు మనకంటే బాగా కనపడుతుంది. మా ఆయన తెల్లవారుజామున తలుపేసుకుని చేసే వ్యాయామం, పట్ట ఊడిన కిటికీలోంచి చూసి, "సార్‌కి నడుము పట్టేసినట్టుంది, ఎవరైనా వెళ్ళండి" అని కేకేశాడు బావమరిది. ఆ రోజుతో వ్యాయామం ఆగిపోయింది.

ఈ గోల మధ్యలో మా అత్తగారి చెల్లెలు నాలుగు రోజులు ఉందామని వచ్చింది. పిన్నత్తయ్యది అక్క ముక్కే. దగ్గు కూడా అదే. కుర్చీని లాక్కునేటప్పుడు నేల మీద చేసే చప్పుడు కూడా అదే. వరండాలో ఆ చప్పుడు వినపడగానే నేను చేస్తున్న పని వదిలేసి వచ్చాను. ఒకే కడుపున పుట్టినవాళ్ళు, ఒకేలా ఆలోచిస్తారేమో, ఈవిడ ఎలా జవాబు చెబుతుందో చూస్తే అత్తయ్య మనసు తెలుస్తుందేమోనని ఆశ పుట్టింది. బడిలో పిల్లలకు మాదిరి లెక్క చేసి చూపిస్తామే, అలాంటిదన్నమాట.

"పిన్నత్తయ్యా, ఇంటికి ఆకుపచ్చ వేయిద్దామనుకుంటున్నాం."

"వేయించమ్మా. చల్లగా ఉంటుంది."

"మీగడ రంగైతే?"

"అదీ బాగుంటుందమ్మా. హుందాగా ఉంటుంది."

"నలుపు?"

ఆవిడ ఆలోచించింది. "మట్టి కనపడదు" అంది.

"అసలు వేయించకుండా ఇలాగే వదిలేస్తే?"

"నీ ఇష్టం తల్లీ. నువ్వేం చేసినా ఆలోచించే చేస్తావు" అని నా బుగ్గ నిమిరింది.

అంత మంచి మనిషి మీద నాకంత కోపం ఎందుకొచ్చిందో చెప్పలేను. బుగ్గ మీద చెయ్యి తీసేదాకా ఓర్చుకుని, లోపలికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న గిన్నెలన్నీ మళ్ళీ తోమాను.

గీకడం అయింది. పగుళ్ళకు పుట్టీ పెట్టారు. దాని మీద ప్రైమర్ కొట్టారు. ప్రైమర్ అంటే రంగుకు ముందు వేసే తెల్లటి పూత. ఇల్లంతా ఒక్కసారిగా తెల్లబడింది. ఎదురింటి రిటైరైన ఆయన గేటు దగ్గర నిలబడి, "ఇల్లు స్నానం చేసొచ్చి బట్టల కోసం కేకలేస్తున్నట్టుందమ్మా" అన్నాడు. తర్వాత ప్రతి ఉదయం అదే మాట అన్నాడు.

పెయింటర్ రోజూ అడుగుతున్నాడు. "మేడమ్, రంగు."

"చెబుతాను."

"మబ్బులు పడుతున్నాయి మేడమ్. ప్రైమర్ మీద వాన పడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఏదో ఒకటి చెప్పండి, డబ్బా తెచ్చి మూత తీసేద్దాం. మూత తీస్తే పని అయిపోయినట్టే."

మూత, మూత అని అతనికి అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు. ఒక రోజున పరీక్ష పేపర్లు దిద్ది, ఇంటికొచ్చి, ప్లాస్టిక్ పట్టల వెనక ఉక్కలో కూర్చున్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "వాడికి ఏదో ఒకటి చెప్పేయ్, ఆకుపచ్చే చెప్పేయ్" అన్నారు. పెయింటర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "తెమ్మంటారా మేడమ్, ఆకుపచ్చ?"

"సరే" అన్నాను.

అన్న తర్వాత ఆ మాట నా చెవులకే వినపడింది. ఇష్టం ఉండి అన్నది కాదు. ఎత్తుగడా కాదు. కూర్చున్న చోటు నుంచి లేవలేక అన్నది. అలా కూడా అనొచ్చు మనుషులు. పడక్కుర్చీలో అటు తిరిగిన ఆవిడ వీపు గుర్తొచ్చింది. ఇంక నాకు సందేహం లేదు. ఆవిడ కూడా అలాగే అని ఉంటుంది. ఇన్నేళ్ళు పోట్లాడిన మనిషి చివరికి నాతో పోట్లాడటం మానుకుంది, అది నేను గమనించకుండా తువ్వాలు ఆరేయడానికి వెళ్ళిపోయాను. అంతే.

మర్నాడు సెలవు. పెయింటర్ డబ్బా తెచ్చి వరండాలో పెట్టాడు. ఇంట్లోవాళ్ళందరం వచ్చి నిలబడ్డాం. అతను స్క్రూడ్రైవర్ మొనతో మూత చుట్టూ పైకి లేపి తీశాడు. లోపల లేత ఆకుపచ్చ. అచ్చం ఆస్పత్రి గోడ.

"బాగుందమ్మా" అంది పిన్నత్తయ్య.

పెయింటర్ మాత్రం రంగు కలపలేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, బరువు దింపుకున్నవాడిలా నిట్టూర్చాడు.

"హమ్మయ్య. ఇంక చెప్పొచ్చు" అన్నాడు.

"ఏం చెప్పొచ్చు?"

"పెద్దావిడ చెప్పింది మేడమ్. మూత తీసేదాకా ఎవరితో అనొద్దంది. సరేనని మాటిచ్చాను. ఆవిడ పోయినా మాట మాటే కదా."

"మా అత్తగారు నీతో ఎప్పుడు మాట్లాడింది? నువ్వొచ్చేసరికే…"

"ముందు రోజు ఫోన్ చేసింది. నేను చూడలేదు ఆవిడని, గొంతే విన్నాను. మామూలు గొంతు కాదులెండి. నన్ను ఏమీ అనకుండానే తిట్టినట్టుంది."

మా ఆయన పేపర్ మడిచారు. "ఏమంది?"

పెయింటర్ ఒకసారి నా వంక చూసి, అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. "మా కోడలు ఆకుపచ్చ అంటుంది. దానికి ఆకుపచ్చ అంటే పడదు. నేను వద్దంటాననే అది ఆ రంగు చెప్పింది, కావాలనే నేను సరేనన్నాను. మూత తీసిన డబ్బా కొట్టువాడు వెనక్కి తీసుకోడు కదా అని అడిగింది. తీసుకోడమ్మా అన్నాను. అయితే మూత తీసేటప్పుడు అది మొహం ఎలా పెడుతుందో చూసి వచ్చి నాకు చెప్పు, అప్పుడు నేను వద్దంటాను అంది."

బావమరిది పరంజా మీద నుంచి వంగి వింటున్నాడు.

"ఇన్నేళ్ళ నుంచీ ఇదే నాటకం ఆడుతోంది, నాకు తెలీదనుకుంటుంది పిచ్చిది అని కూడా అంది" అన్నాడు పెయింటర్. "క్షమించండి, ఆవిడ మాటే."

"మరి ఆకుపచ్చ వద్దన్నాక ఏ రంగు వేయమంది?" అన్నారు మా ఆయన.

"నేనూ అదే అడిగాను సార్. అది మళ్ళీ ఒకటి చెబుతుంది, దానికీ వద్దంటాను, నువ్వు కంగారు పడకు అంది."

మా అమ్మాయి మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకు కూర్చోవాలనిపించింది. పడక్కుర్చీ ఖాళీగానే ఉంది, అందులో కూర్చున్నాను. అందులో నేను కూర్చోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. అలసిపోలేదు ఆవిడ. అటు తిరిగి పడుకున్నది నవ్వు దాచుకోవడానికి. నన్ను ఒక డబ్బా రంగుతో నిలువునా ఇరికించాలని, ఊపిరి ఆడక ఇబ్బంది పడుతూ కూడా ఫోన్ అందుకుని, ముక్కూమొహం తెలియని మనిషితో కుట్ర చేసింది.

"ఇప్పుడు ఎవరికి చెప్పను మేడమ్, మీరు మొహం ఎలా పెట్టారో?" అన్నాడు పెయింటర్.

"ఎలా పెట్టాను?"

"చూడలేదు మేడమ్. డబ్బాలో రంగు తెట్టె కట్టిందేమోనని అది చూస్తున్నాను."

కాసేపటికి అతనే, "మరి మొదలుపెట్టమంటారా?" అని బ్రష్షు తీశాడు.

"వద్దు" అన్నాను.

మా ఆయన ఉలిక్కిపడి నా వంక చూశారు. "వద్దేమిటి? డబ్బా తెరిచేశాం."

"ఆవిడ వద్దన్నారు కదండీ. ఇప్పుడే విన్నారు."

"సరే, పోనీ మీగడ రంగు తెప్పించుకో. నీకు మొదటినుంచీ అదే కదా కావలసింది."

"వద్దు."

"లేత నీలం?" అంది మా అమ్మాయి, ఇంకా నవ్వుతూనే.

"వద్దు."

"పోనీ తెలుపే ఉంచేద్దామా మేడమ్, ఒక పూత పైన కొట్టి?" అన్నాడు పెయింటర్.

ఏం అడుగుతున్నాడో పూర్తిగా వినకముందే వద్దన్నాను. ఆ మాట అంత సులువుగా వస్తుందని, నోటికి అంత హాయిగా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు. ఆవిడ ఎందుకు వదల్లేదో అర్థమైంది. పెయింటర్ మా ఆయన వంక చూశాడు. మా ఆయన, చిన్నప్పటి నుంచి అలవాటైన మొహం పెట్టుకుని, పేపర్ మళ్ళీ విప్పుకున్నారు.

ఆకుపచ్చ డబ్బాను వెళ్ళేటప్పుడు పిన్నత్తయ్య తీసుకెళ్ళింది. వాళ్ళ పెరటి గోడకు వేయించిందట. బాగుందట.

వానలు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. పెయింటర్ వేరే ఇంట్లో పని ఉందని పరంజా విప్పి తీసుకెళ్ళాడు. నేను ఏదైనా రంగుకు ఒప్పుకున్న రోజున కబురు చేయమని మా అమ్మాయితో చెప్పి వెళ్ళాడు. నాతో చెప్పలేదు. ఇంట్లో ఇప్పటికీ భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒక రంగు పేరు చెబుతారు. నేను వద్దంటాను. ఒక్కోసారి రాత్రి పడుకోబోయే ముందు, మీగడ రంగు బాగానే ఉంటుందనిపిస్తుంది. ఆ మాట పైకి అంటే అందరూ సరేనంటారు. అందుకని అనను.

పడమటి గోడ మీద ప్రైమర్ చారలు కట్టింది, అక్కడ మళ్ళీ గీకాలి. ఇంటి బయట గోడలకు రంగు ఇంకా వేయలేదు.